దువ్విన ఇసుక

మా ఊళ్లో సాయంత్రమయ్యేసరికి ఇసుకకి తల దువ్వేవాళ్లు. వేళాకోళం కాదు. సరిహద్దు చౌకీ నుంచి సిపాయిలు వచ్చి, గుర్రానికి దంతె కట్టి, పడవల కొట్టాల దగ్గర మొదలుపెట్టి పెద్దరాయి దాకా ఒడ్డంతా గీతలు గీతలుగా గీసిపోయేవాళ్లు. తెల్లారాక ఇంకెవరో వచ్చి ఆ గీతల మీద అడుగు పడిందేమో చూసుకునేవాళ్లు. సముద్రం వైపు వెళ్లిన అడుగైతే మాలో ఎవరో పారిపోయినట్టు. సముద్రం నుంచి వచ్చిన అడుగైతే గూఢచారి ఎవరో దిగినట్టు. ఒకసారి నక్క నడిచింది. దాని కోసం కూడా ఊరంతా సోదా చేశారు, మా అమ్మ పిండి డబ్బాతో సహా.

మాది సారెమా దీవి, యుద్ధం అయినప్పట్నించీ రష్యన్ల చేతిలో ఉంది. తాతల నాటి నుంచీ చేపలు పట్టి బతికినవాళ్లం. వంటింటి కిటికీ తెరిస్తే అలల చప్పుడు వినపడేది. కాని పొద్దు వాలాక ఆ నీళ్ల దగ్గరికి వెళ్లే హక్కు మాకు లేదు. మా నాన్న ఆదుకైతే పగలు కూడా లేదు. యుద్ధం చివర్లో ఆయన తమ్ముడు ఓస్కార్ పడవెక్కి స్వీడన్ వెళ్లిపోయాడు. తమ్ముడు వెళ్లాడు కాబట్టి అన్న కూడా వెళ్తాడని లెక్క. సముద్రం మీదికి వెళ్లాలంటే పాసు కావాలి, నాన్నకి పాసు ఇవ్వలేదు. చేపల సంఘం వాళ్ల షెడ్డులో కూర్చుని మిగతావాళ్లు చింపుకొచ్చిన వలలు బాగుచేసేవాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా చేతిలో వల, ఎదురుగా గోడ.

మా అన్నయ్య ఎండెల్‌కీ పాసు లేదు. పొగపెట్టే కొట్లో హెర్రింగ్ చేపల్ని ఊచలకి గుచ్చేవాడు. వాడిది ఎడమచేతివాటం. వలకి కట్టే చెక్క తేలుబిళ్లల మీద మా ఇంటి గుర్తు చెక్కడం వాడికే అప్పజెప్పేవాళ్లు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉంటుంది మా తీరంలో. మాది కొక్కెం లాంటి గీత, దానికి అడ్డంగా రెండు కోతలు. ఎడమచేత్తో చెక్కడం వల్ల ఆ కోతలు ఎప్పుడూ ఎడమవైపు వాలిపోయేవి. "ఇదెవరింటి గుర్తురా, మనది కాదే," అని నాన్న ప్రతిసారీ అనేవాడు. అన్నయ్య ప్రతిసారీ నవ్వేవాడు.

యాభై తొమ్మిది వసంతంలో ఆ నవ్వు పోయింది. శరదృతువు రాగానే వాడు సైన్యంలోకి వెళ్లాలి. ఏ ఇసుక ఎడారికో, ఏ మంచు గుట్టకో, ఎక్కడికి పంపుతారో వాళ్ల ఇష్టం. అది తెలిసిన దగ్గర్నించి వాడు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే కిటికీ దగ్గరికి వెళ్లేవాడు. అన్నం ముందు కూర్చున్నా కళ్లు బయటే ఉండేవి. ఆ అశాంతి అంటువ్యాధి. అమ్మ చేతిలోంచి గిన్నెలు జారిపడేవి. నాకూ నిద్ర పట్టేది కాదు. ఆ ఏడాదే నా బడి చదువు ముగిసింది. తార్తు పట్నం వెళ్లి టీచరు చదువు చదవాలని నా ఆశ. కాని ఇంట్లో ఉన్న ఆ ఉక్కపోతలో నా ఆశ గురించి మాట్లాడడానికి సందు దొరికేది కాదు.

అలాంటి సమయంలో ఒక ఆదివారం కుస్తాస్ మామ వచ్చాడు. చేపల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. మంచివాడో చెడ్డవాడో ఊళ్లో ఎవరూ తేల్చుకోలేకపోయారు. పైనుంచి వచ్చిన మాటని మాకు చెప్పేవాడు, మా మాటని పైకి చెప్పేవాడు కాదు. అంతవరకు తెలుసు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వాతావరణం గురించి, హెర్రింగ్ గురించి మాట్లాడి, చాలాసేపు నీళ్లు నమిలాడు.

చివరికి, "యాన్ పండుగ లోపల సొంత పడవలన్నీ తీసెయ్యాలట ఆదూ," అన్నాడు.

"తీసేసి?"

"రంపంతో కోసేస్తారట."

"ఎవరు కోస్తారు?"

కుస్తాస్ మామ టోపీ కేసి చూసుకున్నాడు. "ఎవరి పడవ వాళ్లే," అన్నాడు.

మా పడవ పేరు 'మారె'. మా నాయనమ్మ పేరది. తాత స్వయంగా చేశాడు. కొన్నేళ్లుగా చౌకీ రేవులో గొలుసుకి కట్టేసి ఉంది. ఏడాదికోసారి తారు పూసుకోవడానికి మాత్రం నాన్నని రానిచ్చేవాళ్లు. ఎక్కడికీ వెళ్లని పడవకి ఎందుకీ సింగారం అని ఎవరైనా అడిగితే నాన్న కుంచెని మళ్లీ తారులో ముంచేవాడు. పైనుంచి కిందిదాకా తడిమి తడిమి పూసేవాడు.

కుస్తాస్ మామ వెళ్లిపోయాక అన్నయ్య లేచాడు.

"కోస్తావా నాన్నా? తాత చేసిన పడవని నీ చేత్తో నువ్వే కోస్తావా?"

"కొయ్యను," అన్నాడు నాన్న. "కాలుస్తాను. యాన్ మంటలో."

మా తీరంలో అది పాత ఆచారం. ముసలిదైపోయి ఇక నీళ్లని ఆపలేని పడవని పొయ్యిలోకి నరకరు. నడివేసవిలో వచ్చే యాన్ పండుగ సాయంత్రం మంటలో నిలబెట్టి, యజమాని చేత్తో నిప్పు పెట్టి, ఊరంతా చుట్టూ నిలబడి సాగనంపుతారు. కాని 'మారె' ముసలిది కాదు. ఒక్క పలక కూడా మెత్తబడలేదు.

"చచ్చిన పడవని కాలుస్తారు నాన్నా, బతికున్న పడవని కాదు," అన్నాడు అన్నయ్య. ఇంట్లోంచి వాకిట్లోకి వెళ్లి, దారిన పోయేవాళ్లంతా నిలబడి వినేలా అరిచాడు. "నీకు భయపడడం తప్ప ఇంకేం తెలుసు? వాళ్లు ఇసుక దువ్వుకుంటుంటే కిటికీలోంచి చూస్తూ బతికావు. అట్లాగే చస్తావు. నావల్ల కాదు."

అమ్మ వెళ్లి వీధి తలుపు వేసింది. నాకు నాన్న మీద ఒళ్లు మండిపోయింది. ఒక్క మాటైనా తిరిగి అనొచ్చు కదా అనిపించింది. ఏమీ అనకుండా రొట్టె ముక్క మీద వెన్న రాసుకుంటున్న ఆ చేతుల్ని చూస్తే ఇంకా మండింది.

మర్నాడు నాన్న నన్ను చౌకీకి వెంటబెట్టుకు వెళ్లాడు. ఆయనకి రష్యన్ అంతంతమాత్రం, నాకు బళ్లో నేర్పారు. చౌకీ అధికారి కెప్టెన్ గ్లుషెంకో గోధుమ పొలాల దేశం నుంచి వచ్చినవాడు. అంత పెద్ద సముద్రానికి కాపలా ఉన్నాడు కాని ఈత రాదు. చెడ్డవాడని అనలేను. బూట్లు మాత్రం అద్దంలా మెరిసేవి, ఆ బూట్లకి ఇసుక అంటుతుందని ఒడ్డుకి దిగేవాడు కాదు.

నాన్న చెప్పింది నేను ముక్కస్య ముక్కగా అప్పజెప్పాను. మా ఆచారం ఇది, పడవని కొయ్యడానికి చేతులు రావు, యాన్ మంటలో కాల్చుకుంటాం, కావాలంటే మీరూ వచ్చి చూడండి. పండుగ రోజున ఎలాగూ జనాన్ని ఒడ్డు మీదికి రానిస్తారు కదా.

కెప్టెన్‌కి ఆ మాట నచ్చినట్టే ఉంది. కోయించడం, ముక్కలు మోయించడం, దగ్గరుండి చూడడం, ఆ బెడదంతా తప్పుతుంది. పైవాళ్లకి రాసుకోవడానికి కూడా బాగుంటుంది, జనమే ఇష్టపూర్వకంగా పాటలు పాడుతూ కాల్చేశారని. "మీ వాళ్లకి పడవలంటే ఇంత ప్రేమా?" అని నన్నడిగాడు.

నేను నాన్నకి చెప్పాను.

"ఉండేదని చెప్పు," అన్నాడు నాన్న.

ఇనుప మేకులు, కొక్కేలు సంఘానికి పనికొస్తాయి కాబట్టి ముందు ఇంటికి తీసుకెళ్లి వాటిని ఊడబెరుకుతాననీ, తర్వాత మంట దగ్గరికి చేరుస్తాననీ నాన్న చెప్పించాడు. కెప్టెన్ ఒప్పుకున్నాడు. గొలుసు తీశారు. సంఘం గుర్రాల్ని కట్టి 'మారె'ని ఊరి మీదుగా ఈడ్చుకుంటూ మా గడ్డి కొట్టంలోకి తెచ్చారు. అన్నయ్య ఆ పని దగ్గరికి రాలేదు. పొగ కొట్టు గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. జనం వాణ్ణీ నాన్ననీ మార్చి మార్చి చూశారు.

ఆ తర్వాతి వారమంతా మా ఇంట్లో మాటలు లేవు. నాన్న షెడ్డు నుంచి రాగానే కొట్టంలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. లోపల్నించి సుత్తి చప్పుడు వినపడేది. నన్నూ అమ్మనీ గడ్డి కోతకి పంపించేసేవాడు. పొలంలో ఉన్నా నా మనసు నిలిచేది కాదు. మేకులు ఊడబెరికే చప్పుడు ఒకలా ఉంటుంది, కొట్టే చప్పుడు ఒకలా ఉంటుంది. ఆ తేడా నా చెవిన పడింది కాని నాన్న మీద కోపంతో దాన్ని పట్టించుకోలేదు.

చిత్రాలు ఇంకా జరిగాయి. అంత ఎండలో అమ్మ అన్నయ్య చలికాలపు ఊలు స్వెటరు ఉతికి ఆరేసింది. ఇప్పుడెందుకని అడిగితే, చిమ్మెటలు పడతాయంది. పెట్టెలోని నార దుప్పట్లు మాయమయ్యాయి. ఎక్కడున్నాయంటే, అత్త అడిగితే ఇచ్చానంది. మా మీనా అత్త, నాన్న అక్క, పక్కింట్లోనే ఉండేది. మామయ్య పోయాక ఆయన ముసలి పడవని పెరట్లో బోర్లించి, పక్కన చిన్న తలుపొకటి చేయించి కోళ్ల గూడుగా వాడుకునేది. పండుగ ముందు రోజు చూస్తే ఆవిడ కోళ్లన్నీ మా కంచె మీద బారులుతీరి కూర్చుని ఉన్నాయి.

"గూట్లోకి పోవడం లేదేంటత్తా ఇవి?" అన్నాను.

"ఉక్కపోస్తోందిటే వాటికి," అంది అత్త. చెబుతూ నా మొహంలోకి చూడలేదు. "నువ్వు నీ పని చూసుకో."

యాన్ పండుగ రోజు సాయంత్రం, సూర్యుడింకా నీళ్ల మీద ఉండగానే ఊరంతా ఒడ్డుకి దిగింది. ఏడాదిలో ఆ ఒక్కరోజే ఇసుకని దువ్వరు. దువ్వి లాభం లేదు, వందమంది తొక్కుతారు కాబట్టి. పెద్దరాయి దగ్గర మంట పేర్చారు. మధ్యలో పడవ, ముందుకొన ఆకాశం వైపు పెట్టి నిలబెట్టి ఉంది. దాని చుట్టూ బిర్చి కొమ్మలు, పచ్చి జునిపెర్ కొమ్మలు దట్టంగా కప్పారు. పైన 'మారె' అన్న పేరు పలక ఒక్కటి కనపడుతోంది. నాన్న ఆదివారం కోటు వేసుకుని కాగడాతో నిలబడ్డాడు. అన్నయ్య రాలేదు. తప్పతాగి గడ్డిలో పడుకున్నాడని అమ్మ అడిగినవాళ్లకి, అడగనివాళ్లకి కూడా చెప్పింది. పాపం, పడవని కాలుస్తుంటే చూడలేడు కదా అని జనం జాలిపడ్డారు.

కెప్టెన్ నలుగురు సిపాయిల్ని తీసుకుని వచ్చాడు. పేరు పలక చదువుకున్నాడు, తల పంకించాడు. నాన్న నిప్పు పెట్టాడు.

పచ్చి జునిపెర్ ఒక్కసారిగా మండదు. ముందు పొగ పుడుతుంది, చిక్కగా, తెల్లగా, కళ్లు మండేట్టు. ఆ రోజు గాలి పెద్దరాయి మీంచి పడవల కొట్టాల ముందున్న నీళ్ల వైపు వీస్తోంది. పొగంతా నీళ్ల మీదుగా అటే పాకింది. జనం దగ్గుతూ, నవ్వుతూ పాట ఎత్తుకున్నారు. నేను పాడలేదు. నాయనమ్మ పేరున్న పలక నల్లబడి, అక్షరాలు ఒక్కొక్కటే పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

తర్వాత కొమ్మలు కాలిపోయి పడవ బయటపడింది.

పడవల మధ్య పుట్టినవాళ్లకి ఎవరి పడవ ఏదో చెప్పనక్కర్లేదు. మేనత్తనీ పిన్నినీ ఎంత తేలిగ్గా గుర్తుపడతామో అంత తేలిగ్గా గుర్తుపడతాం. మంటలో ఉన్నదాని ముక్కు మొద్దుగా, వెడల్పుగా ఉంది. 'మారె'ది సన్న ముక్కు. పక్కకర్రలు దూరదూరంగా ఉన్నాయి. తాత దగ్గర దగ్గరగా వేసేవాడు. అన్నిటికంటే, పక్కన చదరంగా కోసిన కంత ఒకటి ఉంది. కోడి పట్టేంత కంత.

స్వెటరు, తెరచాపకి సరిపోయే నార దుప్పట్లు, కంచె మీద కోళ్లు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. చుట్టూ చూశాను. ముసలివాళ్లు, ఆడవాళ్లు, పాసున్నవాళ్లు, పాసు లేనివాళ్లు, అందరి కళ్లూ ఆ కంత మీదే ఉన్నాయి. అందరికీ తెలిసిపోయింది. పాట ఒక్క క్షణం తడబడింది. ఆగిపోతుందేమో అనుకున్నాను. మీనా అత్త గొంతు పెంచింది, మిగతావాళ్లు అందుకున్నారు. ఎవ్వరూ పక్కవాడి మొహం చూడలేదు. బీరు పీపా తెస్తామని ఇందాక కొట్టాల వైపు వెళ్లిన ముగ్గురు మగవాళ్లు అప్పుడే తిరిగొచ్చారు. పంట్లాములు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. పీపా తేలేదు.

కెప్టెన్ మంటకి దగ్గరగా ఉన్నాడు. ఆయనకి పడవంటే పేరు పలక. అది కాలిపోయింది, ఆయన పని అయిపోయింది. కాని పొగ కళ్లలో పడి, రుమాలుతో తుడుచుకుంటూ, కాస్త గాలి కోసం కొట్టాల వైపు నడవడం మొదలుపెట్టాడు.

నేనెందుకు వెనకాలే వెళ్లానో తెలీదు. కాళ్లు లాక్కుపోయాయి. కొట్టాలకి ఇవతల, ఇసుక మీద, ఒక గాడి కనపడింది. పడవ అడుగుదూలం ఈడ్చిన గాడి. లోతుగా, తిన్నగా, పడవల కొట్టం తలుపు దగ్గర మొదలై నీళ్లలోకి వెళ్లిపోయింది. పొద్దున కొమ్మలు కప్పుకుని మా ఇంటి నుంచి ఒడ్డుకి వెళ్లిన బండ్లు రెండని గుర్తొచ్చింది. ఆ నీళ్ల మీద పొగ తప్ప ఏమీ లేదు.

గాడి మీద కుస్తాస్ మామ నిలబడి ఉన్నాడు. ఆయన కిందకి చూశాడు. వస్తున్న కెప్టెన్‌ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. పైనుంచి వచ్చిన మాట తప్ప ఇంకోటి పలకని మనిషి ఆయన.

"అకార్డియన్ ఇటు పట్రండిరా," అని కేకేశాడు కుస్తాస్ మామ. "అక్కడంతా పొగ. ఇక్కడ చిందేద్దాం." ఆ కేకకి పరుగెత్తుకొచ్చిన మీనా అత్త చెయ్యి పట్టుకుని, ఆ వయసులో, ఆ పొట్టతో పోల్కా మొదలుపెట్టాడు. జంటలు జంటలుగా జనం వచ్చిపడ్డారు. ఆడవాళ్లు చెప్పులు విప్పి పారేశారు. గాడిలో సగం పోయింది. మిగతా సగం, నీళ్లకి దగ్గరగా ఉన్నది, కెప్టెన్‌కి ఎదురుగానే ఉంది.

నేను ఆయన ముందుకి వెళ్లి నిలబడ్డాను. "కామ్రేడ్ కెప్టెన్, మా ఆచారంలో ఇంకోటి ఉంది," అన్నాను రష్యన్‌లో. "మంటకి వచ్చిన అతిథి ఆడకుండా వెళ్లకూడదు."

అలాంటి ఆచారం లేదు.

ఆయన బూట్ల వంక చూసుకున్నాడు. సిపాయిలు నవ్వుతున్నారు. మొహమాటపడి నా చెయ్యి పట్టుకున్నాడు. గోధుమ పొలాల్లో పుట్టినా పోల్కా బాగానే వచ్చు ఆయనకి. నేను నీళ్ల అంచు దాకా లాక్కెళ్లాను, మళ్లీ వెనక్కి, మళ్లీ అంచు దాకా. మెరిసే బూట్లతో గట్టిగా తొక్కాడు మనిషి. పాట అయ్యేసరికి అక్కడ గాడి లేదు, పాదాలే ఉన్నాయి, ఊరందరివీ, వాటి మధ్య ప్రభుత్వం వారివీ. అలిసిపోయాననుకుని ఉంటాడు, బీరు తెప్పించి ఇచ్చాడు.

వెనక్కొచ్చి నాన్న పక్కన నిలబడ్డాను. మంట కూలిపోతోంది.

"వాడు నిన్ను అలా తిట్టింది..." అన్నాను మెల్లిగా.

"నాటకమా అంటావా? కాదు. ప్రతి మాటా మనస్ఫూర్తిగానే తిట్టాడు," అన్నాడు నాన్న. జారిపడిన కొరివిని కాలితో లోపలికి తోసి, "అందుకే ఇద్దామనిపించింది పడవ," అన్నాడు.

"మరి నువ్వెందుకు వెళ్లలేదు?"

"నిప్పు పెట్టేవాడు ఉండాలి కదా."

అన్నయ్య లేడని బయటపడడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పెద్ద పట్నం నుంచి తోలుకోట్ల రహస్య పోలీసులు వచ్చారు. ఇల్లు తలకిందులు చేశారు. నాన్నని తీసుకెళ్లారు, పంపారు, మళ్లీ తీసుకెళ్లారు. నాన్న ఒకే మాట మీద నిలబడ్డాడు. వాడికీ నాకూ పడదు, ఊరంతా విన్నారు, కోపం వచ్చి ఎటో పోయాడు, దొరికితే నాకూ చెప్పండి. ఊరిని అడిగితే ఊరు అదే చెప్పింది. కుస్తాస్ మామ టోపీ ఒళ్లో పెట్టుకుని అదే చెప్పాడు.

పడవలో పోయాడనడానికి పడవేదీ? 'మారె' కాలిపోయింది. కెప్టెన్ దగ్గరుండి చూశాడు, చూశానని పైవాళ్లకి ముందే రాసేశాడు. కాలింది 'మారె' కాదని ఆయనకి ఎప్పుడు తట్టిందో నాకు తెలీదు. ఒకరోజు మా వాకిట్లోకి ఒంటరిగా వచ్చాడు. మీనా అత్త కోళ్లు కొత్త గూటి చుట్టూ తిరుగుతున్నాయి. ఆ కోళ్ల వంక, పచ్చి చెక్కతో చేసిన ఆ కొత్త గూటి వంక చాలాసేపు చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"ఆ ఆచారం," అన్నాడు. "అతిథి ఆడాలన్నది. నిజమైనదేనా?"

"చాలా పాతది," అన్నాను.

నా మాట నమ్మలేదు. నమ్మలేదని చెబితే తను సంతకం పెట్టిన కాగితం అబద్ధమని చెప్పాలి. పడవ పోతుంటే దాని దారి మీద తనే ఆడానని చెప్పాలి. ఆ మనిషి మా అందరికంటే గట్టిగా కట్టేసి ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది. టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. సైన్యం తప్పించుకోడానికి దేశం లోపలే ఎక్కడికో పారిపోయాడని అన్నయ్య మీద రాశారు.

రుజువు లేకపోయినా శిక్ష ఉంటుంది. వేసవి అయ్యేలోపు మమ్మల్ని సరిహద్దు ప్రాంతం నుంచి పంపేశారు. తార్తు చదువుకి నా పేరు కొట్టేశారు. దాని కోసం నేను ఏడ్చాను, ఏడవలేదని ఎందుకు చెప్పాలి? పెద్ద నేల మీద, సముద్రానికి వీలైనంత దూరంగా, నార తీసే అవిసె, బంగాళదుంపలు పండించే ఊళ్లో ఒక గది ఇచ్చారు. ఎటు చూసినా మట్టి. గాలికి ఉప్పు రుచి లేదు. నాన్న బంగాళదుంపలు తవ్వి వచ్చి, గోడకి వీపు ఆనించి కూర్చుని, ఖాళీ చేతుల్ని మోకాళ్ల మీద పెట్టుకునేవాడు. ఆ చేతులకి ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

అన్నయ్య గురించి ఏమీ తెలీదు. అటూ లేదు, ఇటూ లేదు. పండుగ తర్వాత రెండో రోజున గాలివాన వచ్చింది, ఆ సంగతి మాలో ఎవ్వరం ఎత్తేవాళ్లం కాదు. అమ్మ స్వెటరు గురించి మాత్రం ఒక్కోసారి తనలో తను అనుకునేది, మందంగానే అల్లాను, తడిసినా వెచ్చగానే ఉంటుంది అని. అప్పుడు నాన్న లేచి బయటికి వెళ్లిపోయేవాడు. నేనూ ఒకచోట ఉండలేకపోయేదాన్ని. గది నుంచి పొలానికి, పొలం నుంచి రోడ్డుకి. ఎటు నడిచినా ఎవరూ ఆపేవాళ్లు కాదు. ఎటు నడిచినా నేను వెళ్లాలనుకున్న చోటు వచ్చేది కాదు.

మంచు పడ్డాక మీనా అత్త వచ్చింది. పడవ, బస్సు, రైలు, మళ్లీ బస్సు. పొగపెట్టిన చేపలు తెచ్చింది, ఊరి కబుర్లు తెచ్చింది. కుస్తాస్ మామకి నడుం పట్టేసిందట, ఆ పోల్కా తర్వాత మళ్లీ సరిగ్గా నిలబడనే లేదట. కెప్టెన్‌ని ఎక్కడికో మార్చారట. అన్నీ చెప్పి, తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, సంచి అడుగు నుంచి కాఫీ పొట్లం తీసింది. స్వీడన్ నుంచి ఓస్కార్ బాబాయి ప్రతి క్రిస్మస్‌కీ అక్కకి కాఫీ పంపుతాడు. అందులో కొత్తేమీ లేదు.

"ఈసారి దీంతోపాటు ఇదీ పెట్టాడు," అంది అత్త. "పార్సిల్ విప్పి చూసినవాళ్లు బొమ్మో, చెంచానో అనుకుని వదిలేసినట్టున్నారు."

వల అల్లే చెక్క సూది. జునిపెర్ చెక్కతో చేసింది, ఇంకా వాసన పోలేదు. అత్త దాన్ని తిప్పి బల్ల మీద పెట్టింది. పిడి మీద కొక్కెం లాంటి గీత, దానికి అడ్డంగా రెండు కోతలు. కోతలు రెండూ ఎడమవైపు వాలి ఉన్నాయి.

అమ్మ ముందు చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. నాన్న సూదిని తీసుకున్నాడు. వెలుతురుకి పట్టి చూశాడు. బొటనవేలితో ఆ కోతల్ని తడిమాడు, ఒకసారి, ఇంకోసారి.

"ఇదెవరింటి గుర్తురా," అన్నాడు. "మనది కాదే."

ఆ మాట అంటూనే ఏడ్చేశాడు. మా నాన్న ఏడవడం నేను చూడడం అదే మొదలు. పడవ పోయినప్పుడు, ఊరు పోయినప్పుడు తడవని కళ్లు. కాసేపటికి మొహం తుడుచుకుని అమ్మని దారం అడిగాడు. అవిసె పండే ఊళ్లో ఇంకేం ఉన్నా లేకపోయినా దారానికి కరువులేదు. సూదికి ఎక్కించాడు. కూర్చోడానికి అనువైన చోటు కోసం గదంతా చూసి, కుర్చీని తలుపు దగ్గరికి లాక్కున్నాడు. తలుపు గొళ్లేనికి మొదటి ముడి వేశాడు.

కిటికీలోంచి పక్కింటాయన చూసి నవ్వాడు. "ఇక్కడ వలతో ఏం పడతావయ్యా, బంగాళదుంపలా?" అన్నాడు.

నాన్న తల ఎత్తలేదు. చేతులు ఆగలేదు.

"ఇది పట్టడానికి కాదు," అన్నాడు. "చెయ్యి మర్చిపోకుండా."